ఉగాది తెల్లవారుజామున కూలిపోయే సైటు: సర్వర్ మార్చాలా, కోడ్ దిద్దాలా?

పాఠకుల ప్రశ్నలు – సాంకేతిక సమాధానాలు

ప్రశ్న: మేము బెంగళూరులో స్థిరపడిన అన్నదమ్ములం. ఉద్యోగాలు చేసుకుంటూనే పదేళ్ళుగా తెలుగు పంచాంగం సైటు ఒకటి నడుపుతున్నాం. ఊరు ఎంచుకుంటే ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం చూపిస్తుంది. జాబితాలో సుమారు 200 ఊళ్ళున్నాయి. మామూలు రోజుల్లో పేజీ రావడానికి ఒకటింపావు సెకను పడుతుంది, ఎవరూ ఏమీ అనరు. ఉగాది నాడు మాత్రం ఉదయం 5 నుంచి 8 గంటల మధ్య లాగ్‌లో రెండు లక్షల పేజీల దాకా అడిగినట్టు కనబడుతుంది, కానీ 5:20 కల్లా సైటు పడిపోతుంది. ఇప్పుడున్నది 2 కోర్లు, 4 జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్. వైట్‌ఫీల్డ్‌లో పనిచేసే మా బావమరిది 8 కోర్ల సర్వర్‌కు మారమంటున్నాడు, అద్దె నాలుగింతలవుతుంది. సైటు రాసిన కుర్రవాడు కోడ్ దిద్దితే చాలంటున్నాడు గానీ ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేకపోతున్నాడు. పండగకు ఇంకా రెండు నెలలుంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ముందు మీ ఉత్తరంలోని అంకెలనే ఒకసారి లెక్క వేద్దాం. మూడు గంటలంటే 10,800 సెకన్లు. రెండు లక్షల పేజీలను ఆ సెకన్లకు పంచితే సెకనుకు 18కి పైగా వస్తాయి. జనం సమంగా రారు కాబట్టి, తలంటు పోసుకుని పూజకు కూర్చునే ముందు అందరూ ఒక్కసారే చూసే ఘడియలో అది మూడింతలై 55 దాకా వెళ్తుందని అనుకోవచ్చు. పేజీ తయారవడానికి పట్టే ఒకటింపావు సెకనులో ఎక్కువ భాగం ప్రాసెసర్ చేసే గణితానికే పోతోందనుకుంటే, 2 కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) కలిసి సెకనుకు ఒకటిన్నర పేజీకి కాస్త ఎక్కువ మాత్రమే ఇవ్వగలవు. మీ బావమరిదిగారు చెప్పిన 8 కోర్లు ఆరు పేజీలు ఇస్తాయి. ఆ ఆరు 18కే చాలవు, 55 మాట చెప్పనక్కర్లేదు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన వరుసల సూత్రం ప్రకారం, సెకనుకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరికి పట్టే సమయంతో గుణిస్తే ఒకే క్షణంలో లోపల ఎంతమంది ఉంటారో తెలుస్తుంది. 55ను ఒకటింపావుతో గుణిస్తే దాదాపు 70 వస్తుంది, అంటే మీ కోడ్ ఇలాగే ఉంటే మీకు కావలసింది 70 కోర్లు. ఏడాదికి ఒక్క పూట కోసం అంత యంత్రాన్ని అద్దెకు తీసుకోవడం, సంవత్సరికానికి వచ్చే చుట్టాల కోసం కల్యాణమండపాన్ని ఏడాది పొడుగునా మాట్లాడి ఉంచడం లాంటిది.

సైటు నెమ్మదించకుండా ఏకంగా ఎందుకు పడిపోతుందని మీరు అడగలేదు గానీ, అదీ తెలుసుకోవలసినదే. పేజీ రాకపోతే పాఠకుడు ఊరుకోడు, మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ నొక్కుతాడు. అతడు వదిలేసిన పాత అభ్యర్థన మీద సర్వర్ ఇంకా గణితం చేస్తూనే ఉంటుంది, కొత్తది దాని వెనక చేరుతుంది. ఒక్కొక్క అభ్యర్థనకు ఒక్కొక్క ప్రాసెస్ కొంత ర్యామ్ పట్టుకుని కూర్చుంటుంది. 4 జీబీ నిండగానే యంత్రం డిస్కును ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి ఒకటింపావు సెకను పని పది సెకన్లవుతుంది. మీ లాగ్‌లోని రెండు లక్షల్లో ఇలా ఒక్కరే పదిసార్లు నొక్కినవి ఎన్నో ఉండి ఉంటాయి.

ఇక అసలు సంగతి. పంచాంగం ఊరికీ రోజుకీ సంబంధించినదే గాని చూసే మనిషికి సంబంధించినది కాదు. బెంగళూరు, విజయవాడల మధ్య సుమారు 3 డిగ్రీల రేఖాంశం తేడా ఉంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యోదయంలో 12 నిమిషాల తేడా దాని వల్లనే వస్తుంది. కాబట్టి ఊరికొక గణితం తప్పదు. అయితే విజయవాడ పేజీని పదివేలమంది తెరిస్తే పదివేలమందికీ అదే తిథి, అదే వర్జ్యం. సిద్ధాంతిగారు ఏడాదికి ఒకసారి గణితం చేసి అచ్చుకు ఇస్తారు గాని, పుస్తకం కొన్న ప్రతివారి ఇంటికీ వెళ్ళి మళ్ళీ గుణించరు. మీ సైటు ఇప్పుడు సరిగ్గా ఆ రెండో పనే చేస్తోంది. 200 ఊళ్ళకు 365 రోజులంటే 73,000 పేజీలు. పేజీకి 30 కేబీ వేసుకున్నా మొత్తం రెండుంబావు జీబీ దాటదు. ఒకటింపావు సెకను చొప్పున వాటన్నిటినీ తయారు చేయడానికి ఒకే కోర్ మీద దాదాపు 25 గంటలు పడుతుంది, రెండు కోర్లూ పనిచేస్తే ఒక్క రాత్రికి కాస్త ఎక్కువ. ఆ తర్వాత వాటిని మామూలు ఫైళ్ళుగా ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ చేత పంపిస్తే ఇప్పుడున్న చిన్న సర్వరే సెకనుకు కొన్ని వందల పేజీలు ఇబ్బంది లేకుండా ఇస్తుంది. దీన్నే క్యాష్ చేయడం అంటారు. (మా పత్రిక ఖాతాలు చూసే గుమాస్తాగారు ఈ మాట విన్నప్పుడల్లా ఆశగా తలెత్తి చూస్తారు. ఆ క్యాష్ వేరు.) ఈ ఉపాయం కొత్తది కాదు. లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటుకు జనం పెరిగి డేటాబేస్ మోయలేకపోయినప్పుడు దాన్ని స్థాపించిన బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2003లో మెమ్‌క్యాష్‌డ్ అనే ప్రోగ్రామ్‌ను రాసింది ఒకసారి చేసిన పనిని మళ్ళీ చేయకుండా ఉండటానికే.

ఇందులో ఒక మెలిక ఉంది. అర్ధరాత్రి 12కు పాత పేజీలన్నీ ఒక్కసారి చెరిపి, ఎవరైనా అడిగినప్పుడు కొత్తది తయారు చేద్దామని మీ కుర్రవాడు రాస్తే మాత్రం ఒప్పుకోకండి. ఒకే ఊరి పేజీ కోసం వందమంది ఒకే క్షణంలో వస్తే, నిల్వ ఖాళీగా ఉంది కాబట్టి వందమంది కోసమూ అదే గణితం వందసార్లు మొదలవుతుంది, పాత రోగమే తిరగబెడుతుంది. పేజీలు ముందే సిద్ధంగా ఉండాలి, పండగ పూట ఎవరూ పొయ్యి వెలిగించనక్కర్లేకుండా ఉండాలి.

అలాగని సర్వర్ మార్చడం ఎప్పుడూ దండగని నేననను. కానీ కొలవకుండా మారిస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. చాలా ఏళ్ళ క్రితం కోరమంగళలో నేను పనిచేసిన ఒక సంస్థలో సైటు నత్తనడక నడుస్తోందని శని, ఆదివారాలు నిద్ర మానుకుని రెట్టింపు యంత్రానికి మారాం. సోమవారం పదకొండు గంటలకు మళ్ళీ అదే నత్త. మేము వాడిన మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఆలస్యమైన క్వెరీలను (సమాచారం కోసం డేటాబేస్‌కు పంపే ప్రశ్నలను) రాసి ఉంచే స్లో క్వెరీ లాగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసినా, ఎంత ఆలస్యమైతే రాయాలన్న హద్దు మొదట 10 సెకన్లుగా ఉంటుంది కాబట్టి అందులో ఏమీ పడలేదు. హద్దును ఒక సెకనుకు దించాక గానీ దొంగ దొరకలేదు: లక్షల వరుసలున్న టేబుల్‌లో ఇండెక్స్ లేని ఒక నిలువు వరుస (కాలమ్) మీద వెతుకులాట. పుస్తకం చివర విషయసూచిక లేకపోతే ఒక్క మాట కోసం మొదటి పుట నుంచి తిరగేసినట్టు, డేటాబేస్ ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతోంది. ఒక్క వాక్యంతో ఇండెక్స్ చేర్చాం, పాత యంత్రానికే తిరిగి వెళ్ళవచ్చుననిపించింది, అయితే అద్దె ఏడాదికి కట్టేశాం. మీ పేజీలోనూ ఒకటింపావు సెకను గణితానికి పోతోందా, క్వెరీకి పోతోందా అన్నది మీ కుర్రవాణ్ణి ముందు కొలిచి చెప్పమనండి. అది తేలితే ఎన్ని రోజుల పనో కూడా అతడే చెప్పగలడు.

నా సలహా ఇది. ఈ నెలలో కోడ్ దిద్దించండి. పండగకు వారం ముందు అదే హోస్టింగ్ సంస్థ దగ్గర ఉన్న సర్వర్‌నే 4 కోర్లకు పెంచుకుని, పండగ మర్నాడు దించేయండి. బావమరిదిగారి మాట పూర్తిగా తీసేసినట్టూ ఉండదు. వేరే సర్వర్‌కు తరలిపోవడం మాత్రం పండగ ముందు వద్దు. కారణం అడుగుతారు కాబట్టి ఒక్కటి చెబుతాను. కొత్త సర్వర్లు చాలావరకు యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో నడుస్తూ చేతికి వస్తాయి. మన కాలం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, ఆ యంత్రానికి తేదీ మారేది మన ఉదయం 5:30కి. మీ కోడ్ సర్వర్ గడియారాన్ని చూసి ఈ రోజు తేదీ నిర్ణయిస్తుంటే, ఉగాది నాడు 5 గంటలకు చూసినవారందరికీ ముందు రోజు అమావాస్య పంచాంగం కనబడుతుంది. సైటు పడిపోవడం కంటే అది పెద్ద అప్రదిష్ట.

ప్రశ్న: మాది ఇంటి పచ్చళ్ళు, పొడులు అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం. కోడ్ బాగానే ఉందని ఇద్దరు పరీక్షించి చెప్పారు. సర్వర్ లోపల పేజీ పదో వంతు సెకనులో తయారవుతోందట, అయినా ఫోన్‌లో తెరిస్తే రెండు సెకన్లు పడుతోంది. సర్వర్ అమెరికా పశ్చిమ తీరంలో ఉంది. మారవచ్చా?
– ఒక పాఠకురాలు, యలహంక, బెంగళూరు

జవాబు: మారండి. పై పాఠకునికి వద్దన్నది మీకు చెప్పడానికి కారణం దూరం. బెంగళూరు నుంచి ఆ తీరం సుమారు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, కేబుల్ తిన్నగా వేసి ఉన్నా పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు, వంకరలు కలిపితే 200 పైమాటే. సురక్షిత కనెక్షన్ కుదిరి మొదటి పేజీ వచ్చేలోపు ఇలాంటి ప్రయాణాలు మూడు నాలుగు జరుగుతాయి, ఆ తర్వాత బొమ్మలు, ఫాంట్లు. కోడ్‌ను ఎంత దిద్దినా ఈ దూరం తగ్గదు. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో సొంత కేంద్రాలున్నాయి. ఇతర సంస్థలకూ దేశంలో కేంద్రాలున్నాయి కాబట్టి బేరమాడే వీలు ఉంది.

మీ సామాను దించేటప్పుడు చూసుకోవలసినవి రెండు. మొదటిది తెలుగు అక్షరాలు. పాత మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్ళు మొదట లాటిన్ లిపి అమరికతో తయారయ్యేవి. 2018లో వచ్చిన 8.0 నుంచే తెలుగుతో సహా అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అలవాటు అమరికైంది. ఈ రెంటికీ పొత్తు కుదరకపోతే మీ గోంగూర, ఆవకాయ ప్రశ్నార్థకాల వరుసగా మారతాయి, అలా మారినవాటిని చాలాసార్లు వెనక్కి తేలేము. అందుకే ముందు ఒక నకలు దించి, పది సరుకుల పేర్లు కంటితో చదివి చూసుకోండి.

రెండోది ఆర్డర్లు. డొమైన్ చిరునామా మార్చగానే లోకమంతా ఒకేసారి కొత్త సర్వర్‌కు రాదు. పాత చిరునామాను టీటీఎల్ అనే గడువు తీరేదాకా నెట్ సంస్థలు గుర్తుంచుకుంటాయి, ఆ సమయంలో కొందరి డబ్బు పాత డేటాబేస్‌లో, కొందరిది కొత్తదానిలో పడుతుంది. తరలింపుకు రెండు రోజుల ముందే ఆ గడువును 300 సెకన్లకు తగ్గించండి. మారే రోజు రాత్రి ఒంటిగంటకు పాత సర్వర్ మీద కొనుగోళ్ళు ఆపి, ‘అరగంటలో వస్తాం’ అన్న బోర్డు పెట్టి, చివరి నకలు తీసి కొత్తదానిలో ఎక్కించి, అప్పుడు చిరునామా మార్చండి. పాత సర్వర్‌ను ఆ బోర్డుతోనే ఇంకో వారం ఉంచి, దాని లాగ్‌లో కొత్తగా ఎవరూ రావడం లేదని చూసుకున్నాక అద్దె మానేయండి.