వంశీకి సాకులు వెతక్కు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, దాంతోపాటు పెట్టిన ఉత్తరం రెండూ అందాయి. ఉత్తరంలో చాలా ప్రశ్నలు అడిగావు. అన్నిటికీ జవాబు రాసే ఓపిక నాకు లేదు. మా మనవడి ఈడువాడివి కనక 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఏడో పేజీలో, హాస్టల్ మెస్సులో, పదిమంది ముందూ వంశీ రఘుతో అంటాడు: "నువ్వు చదివిన ప్రతి కామిక్కూ మా నాన్న డబ్బుతో కొన్నదేరా." బాగా రాశావు. అది విన్నాక రఘు మొహం ఎలా మారిందో చెప్పకుండా వదిలేశావు, అదింకా బాగుంది. తీరా ఎనిమిదో పేజీ తిప్పేసరికి నాకు ఒళ్ళు మండింది. వంశీ వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉందట. పొద్దున్నే ఫోను వచ్చిందట. ఆ టెన్షన్‌లో నోరు జారాడట. తొమ్మిదో పేజీలో వాచ్‌మన్ తాత బీడీ ఆర్పి, "బలం ఉన్నోడికి బాధ్యత కూడా ఉండాల బాబూ" అన్నాడు. మిత్రులిద్దరూ కావలించుకున్నారు. కథ అయిపోయింది. ఈ ఉత్తరం రాయించింది ఆ రెండు పేజీలే.

నీ కుర్రాళ్ళు కొట్లాడుకుంటున్న స్పైడర్‌మ్యాన్ నాకేమీ కొత్తవాడు కాదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసే అలవాటు నాకు ఎప్పటినుంచో ఉంది. అట్ట చిరిగిన అమెరికన్ బొమ్మల పుస్తకాలు అక్కడ నవలలకన్నా చవగ్గా దొరికేవి. మా అబ్బాయికని కొని, ముందు నేను చదివేవాణ్ణి. ముసలాయనకి ఇవేం తెలుసులే అనుకుని పంపి ఉంటే పప్పులో కాలేశావు.

మొదటి మూడు పేజీల్లో వాళ్ళ వాదన సాలెదారం గురించి. కామిక్‌లో, స్పైడర్‌మ్యాన్‌గా మారే బడిపిల్లాడు పీటర్ పార్కర్ దారం వదిలే పరికరాన్ని తనే తయారుచేసుకుని మణికట్టుకు కట్టుకున్నాడు, 2002 సినిమాలో దర్శకుడు శామ్ రైమీ దారాన్ని ఒంట్లోంచే వచ్చేట్టు మార్చాడు, అది ద్రోహం అంటాడు రఘు. బడిపిల్లాడు ఇంట్లో కూర్చుని అలాంటిది కనిపెట్టాడంటే నమ్మేదెలా అంటాడు వంశీ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ వాళ్ళు మాట్లాడుకోవడం లేదు, ఒకరికొకరు సమాచారం అందించుకుంటున్నారు. రఘు చేతిలో డబ్బు ఆడని పిల్లాడు కదా. కామిక్‌లో సరిగ్గా కొట్లాట మధ్యలో ఆ పరికరంలోని, దారంగా మారే ద్రవం అయిపోతూ ఉంటుంది. చేతిలో సరుకు ఎప్పుడు నిండుకుంటుందో తెలియని వీరుడంటే రఘుకి ఎందుకంత ప్రేమో నీకు తెలిసి ఉండాలి. వాడి నోట చెప్పించనక్కర్లేదు.

వంతెన పేరు మీద ఇంకో పేజీన్నర. 1973లో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచికలో రాతలో జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ అని ఉంది, గిల్ కేన్ వేసిన బొమ్మ చూస్తే బ్రూక్లిన్ బ్రిడ్జ్‌లా ఉంది. నిజమే, అభిమానులు దాని మీద ఇప్పటికీ తగవులాడుకుంటారు. ఆ పేజీన్నరలో పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ అనే పిల్ల అక్కడ చచ్చిపోయిందన్న సంగతి నీ ఇద్దరికీ గుర్తు రాలేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు ఆ బాధ్యత మాట సంగతి తేలుద్దాం. అది పీటర్ పెదనాన్న బెన్ చెప్పిన మాటని, కామిక్‌లోనే ఉందని రఘు చేత ఢంకా బజాయించి చెప్పించావు. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక సంపాదించి చూడు. వెల 12 సెంట్లు, స్పైడర్‌మ్యాన్ కథ 11 పేజీలు, మాటలు స్టాన్ లీవి, బొమ్మలు స్టీవ్ డిట్కోవి. ఆ 11 పేజీల్లో పెదనాన్న ఆ మాట అననే లేదు. ఏ పాత్రా అనలేదు. ఆఖరి బొమ్మలో కుర్రాడు చీకటి వీధిలో ఒంటరిగా వెళ్ళిపోతుంటాడు. గొప్ప శక్తి వెంట గొప్ప బాధ్యత కూడా రాక తప్పదని వాడికి ఇప్పటికి తెలిసిందని కథకుడి వ్యాఖ్య ఉంటుంది. అప్పటికే చావు జరిగిపోయింది. తెలిసి ఏం లాభం?

అంతకు ముందు వాడు చేసిందేమిటి? టీవీ స్టూడియోలో ప్రదర్శన ముగించుకుని బయటికి వస్తున్నాడు. దొంగ పక్కనుంచే పరిగెత్తాడు. కాలు అడ్డం పెట్టినా పడేవాడు. పోలీసు నిలదీస్తే, ఇకమీదట నా సంగతి నేను చూసుకుంటాను, మిగతాది నాకనవసరం అన్నాడు. బళ్ళో పిల్లలు ఏడిపించేవారన్నది నిజమే, కానీ దానికీ ఆ పోలీసుకీ సంబంధం లేదు. ఆ రోజు వాణ్ణి ఎవరూ మోసం చేయలేదు. వాడికి ఆకలి లేదు. కొత్తగా పేరొచ్చింది, పొగరెక్కింది, అంతే. కొన్నాళ్ళకి ఒక రాత్రి ఇంటికి వస్తే, పెదనాన్నను ఎవడో కాల్చి చంపాడని పోలీసు చెప్పాడు. తరిమి పట్టుకుని మొహం చూస్తే అదే దొంగ.

సినిమాలో ఇదే చోట ఏం చేశారో చూడు. కుస్తీలో నిలబడితే మూడు వేల డాలర్లన్నారు. గెలిచాక నిర్వాహకుడు వంద చేతిలో పెట్టి, నీ అవసరం నాకెందుకన్నాడు. వెంటనే దొంగ ఆ నిర్వాహకుడినే దోచుకుని పారిపోతుంటే పీటర్ దారిచ్చి, అతని మాట అతనికే అప్పజెప్పాడు. హాల్లో ఈలలు. మా అబ్బాయి కూడా వేశాడు. మనచేత ఈల వేయించి, తర్వాత పెదనాన్నను చంపి, మనల్నీ తప్పులో భాగం చేశారు కదా అని నువ్వు వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది. నేను మాత్రం కామిక్ వైపే ఉంటాను. మోసపోయినవాడు కసి తీర్చుకుంటే అయ్యో అనుకుంటాం. పొగరుతో నిలబడ్డవాణ్ణి చూసినప్పుడే మన ఒంట్లోని పొగరు గుర్తొస్తుంది.

బాధ్యత మాటను కారులో పెదనాన్న చేత చెప్పించింది కూడా ఆ సినిమానే. కుర్రాడు కసురుకున్నాడు, ఆ కసురే వాళ్ళిద్దరి మధ్యా మిగిలిపోయింది. డేవిడ్ కెప్ స్క్రీన్‌ప్లేలో నాకు బాగా నచ్చిన చోటు అది. కానీ పరీక్షకు ముందే పేపరు లీకైనట్టయింది. అప్పటినుంచీ కుర్ర రచయితలు పంపే కథల్లో ఎవరో ఒక తాత నీతి పట్టుకుని తయారుగా ఉంటున్నాడు. (తాత వద్దని ఒక తాత ఉత్తరం రాస్తున్నాడని నవ్వుకో, ఫర్వాలేదు.)

విజయవాడలో ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతున్న రోజుల్లో ఒక కథ రాశాను. సహకార సంఘం గుమాస్తా ఒకడు, భర్త పోయిన ఆవిడ దాచుకున్న సొమ్ములోంచి కొంత తీసి చేతిగడియారం కొనుక్కుంటాడు. ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకుంటాడు. కథ అంతే. ఒక వారపత్రిక సంపాదకుడు పిలిపించి, "ఎందుకు తీశాడండీ?" అని అడిగారు. తీశాడండీ అన్నాను. ఆయన తల ఊపారు, నా కథ గట్టెక్కిందనుకున్నాను. అచ్చులో చూస్తే గుమాస్తాకి గుండెజబ్బు కూతురు పుట్టి ఉంది! ఆఖర్న ఆ గడియారం అమ్మి మందులు కొన్నాడు. ఆ రోజుల్లో కొసమెరుపు లేనిది కథ కాదు. పాఠకులు ఆ కూతురి కోసం ఏడ్చి ఉత్తరాలు రాశారు. డబ్బు పోగొట్టుకున్న ఆవిడ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఆ సంపాదకుడు కాలం చేశారు, పేరు రాయను. కోపం మాత్రం పోలేదు.

2007లో మూడో స్పైడర్‌మ్యాన్ సినిమాకి మా అబ్బాయి తీసుకెళ్ళాడు. 1963 కామిక్‌లో శాండ్‌మ్యాన్ ఉత్త నేరస్తుడు, జైలు నుంచి పారిపోయినవాడు. సినిమాలో అతనికి జబ్బు కూతురు ఉంది! నేను పైకే నవ్వాను, ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మా సంపాదకుడు హాలీవుడ్ చేరాడనుకున్నాను. అక్కడితో ఆగలేదు. పెదనాన్నను కాల్చింది అసలు ఇతనేనని, అదీ చెయ్యి అదిరి పేలిందని చెప్పారు. దొంగను వదిలేసినందుకే పెదనాన్న పోయాడన్న ఒక్క లంకె మీద 45 ఏళ్ళు నిలబడ్డ కథ అది. ఆ లంకె వదులైపోయింది. అభిమానులకు కోపం వచ్చిందంటే రాదూ?

ఇప్పటి సంపాదకులు కూతురు పేరు ఎత్తరు. బ్యాక్‌స్టోరీ అంటారు, ట్రామా అంటారు. పాత్ర ఒక చెంపదెబ్బ కొడితే చాలు, వాడి చిన్నతనం రాసి పంపమంటారు. మన సినిమాల్లో ఇంటర్వెల్ దాటాక ఫ్లాష్‌బ్యాక్ వచ్చిందంటే అంతకు ముందు నరికిన తలకాయలన్నీ మాఫీ. నీ ఎనిమిదో పేజీ ఈ గాలి తగిలినదే.

గ్వెన్ స్టేసీ దగ్గరికి వస్తానన్నాను. గ్రీన్ గాబ్లిన్ అనే దుర్మార్గుడు ఆమెను వంతెన మీంచి పడేశాడు. స్పైడర్‌మ్యాన్ వదిలిన దారం ఆమె కాలికి అందింది. పట్టేశానని మురిసిపోయాడు. ఆ బొమ్మలోనే, ఆమె మెడ పక్కన, చిన్న అక్షరాల్లో ఒక చప్పుడు వేసి ఉంటుంది, పుటుక్కుమన్నట్టు. పడేటప్పుడే పోయిందని గాబ్లిన్ అంటాడు. ఆ చప్పుడు వేరే సంగతి చెబుతుంది. విసిరినవాడు చంపాడా, పట్టుకున్నవాడు చంపాడా? రచయిత జెర్రీ కాన్వే ఆ పేజీలో తేల్చలేదు. 2002 సినిమా ఇదే ఘట్టాన్ని క్వీన్స్‌బరో బ్రిడ్జ్ మీదికి తెచ్చింది. గాబ్లిన్ ఒక చేత, పీటర్ ప్రేమించిన మేరీ జేన్‌ని, ఇంకో చేత పిల్లలున్న రోప్‌వే పెట్టెను పట్టుకుని, ఎవరు కావాలో తేల్చుకోమన్నాడు. పీటర్ అందరినీ కాపాడాడు.  సినిమావాళ్ళు అక్కడ ఎవరినీ చంపలేకపోయారంటే అర్థం చేసుకుంటాను. నీకేం అడ్డమొచ్చింది? నీ కథలో పోయేది ఒక స్నేహం, అంతేగా. పోనివ్వవలసింది.

కలం పేరు పెట్టుకోమంటారా అని అడిగావు. 1963లో స్పైడర్‌మ్యాన్ పేరుతో సొంత పత్రిక మొదలైనప్పుడు, మొదటి సంచికలోనే అతనికి ప్రదర్శన తాలూకు చెక్కు స్పైడర్‌మ్యాన్ పేరు మీద ఇస్తారు. బ్యాంకు గుమాస్తా గుర్తింపు కాగితం అడుగుతాడు. నా దుస్తులు చూడండి అంటే, అవి ఎవరైనా తొడుక్కోవచ్చు అంటాడు. డబ్బు రాలేదు. ఆ పేజీ చదివినప్పుడు నేను మా పోస్ట్‌మన్‌ని తలుచుకున్నాను. నా మొదటి పారితోషికం కలం పేరుతో మనియార్డరు వచ్చింది. ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో లేరని ఆయన తిప్పి పంపేశాడు. పత్రికలో నా కథ తీసుకెళ్ళి చూపించినా వినలేదు. ఇక నీ ఇష్టం.

కథను సినిమాకి అమ్మాలంటే ఎవరిని కలవాలన్న ప్రశ్న నేను చూడలేదు.

ఎనిమిదీ తొమ్మిదీ పేజీలు తీసెయ్యి. వంశీ తల్లిని డిశ్చార్జి చేయించు, వాచ్‌మన్‌కి సెలవివ్వు. మర్నాడు రఘు ఆ కామిక్స్ కట్టను ఏం చేశాడో రాయి. తిరిగిచ్చాడో, అమ్మేశాడో, అలాగే ఉంచుకున్నాడో నాకు తెలీదు, నీకు తెలియాలి. ఈసారి ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోనులో చదివితే నా కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. పేజీ నంబర్లు కూడా చూసుకో, ఆరు రెండుసార్లు వేశావు.