అర్ధరాత్రి ఇంట్లోకి దొంగ చొరబడితే ఎంతవరకు కొట్టొచ్చు?

ప్రశ్న: ఈమధ్య మా పక్క వీధిలో ఒక ఇంట్లో రాత్రిపూట దొంగలు పడ్డారు. అప్పటి నుంచి మాకు కంటి మీద కునుకు లేదు. ఇంట్లో నేను, మావారు, మామగారు, ఇద్దరు పిల్లలు ఉంటాం. మంచం పక్కన దుడ్డుకర్ర పెట్టుకున్నాం. మావారు ప్రహరీ మీద కరెంటు తీగ లాగుదామంటున్నారు. దొంగను కొట్టినప్పుడు వాడి ప్రాణం పోతే మన మీదే హత్య కేసు పడుతుందని మామగారి భయం. ముందే కర్ర సిద్ధం చేసుకున్నాం కాబట్టి 'పథకం ప్రకారం చంపారు' అంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ కరెంటు తీగ సంగతి తేల్చేద్దాం. దాన్ని పెట్టొద్దని మీవారికి గట్టిగా చెప్పండి. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డిలోకి బయటివాళ్లు రాకుండా కరెంటు తీగ పెడితే, పొరుగింటావిడ అది తగిలి చనిపోయింది. చెరూబిన్ గ్రెగరీ కేసుగా లాయర్లందరికీ తెలిసిన ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అనుమతి లేకుండా వచ్చింది కాబట్టి ఆత్మరక్షణ హక్కు కింద తనను వదిలెయ్యాలన్న ఆయన వాదనను కోర్టు ఒప్పుకోలేదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు పడిన శిక్షను ఖాయం చేసింది. అదే నేరానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రాణం పోతుందని తెలిసే పెట్టారని తేలితే ఇంకా పెద్ద సెక్షన్ పడుతుంది. గోడ ఎక్కింది దొంగో, బంతి కోసం వచ్చిన పిల్లాడో తీగకు తెలియదు కదా.

ఇక కర్ర. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. మీ ఒంటిని, మీ ఇంట్లోవాళ్లను, ఆ మాటకొస్తే ఏ మనిషినైనా, అలాగే ఆస్తిని కాపాడుకునే హక్కు మీకుంది. మీకు అన్నిటికన్నా దగ్గరగా వర్తించేది 41. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఎవరైనా ఇల్లు పగలగొట్టి చొరబడితే, వాణ్ని అడ్డుకునే క్రమంలో ప్రాణం పోయినా నేరం కాకపోవచ్చని ఆ సెక్షన్ అంటుంది. పగటి దొంగకూ రాత్రి దొంగకూ చట్టం చూపే తేడా ఇదే.

'పగలగొట్టి' అంటే గునపంతో తలుపు విరగ్గొట్టడమే కానక్కర్లేదు. గోడ ఎక్కి దిగడం, తాళం తీయడం, మూసిన తలుపు తెరుచుకుని లోపలికి రావడం, కిటికీలోంచి దూరడం అన్నీ 330వ సెక్షన్ ప్రకారం ఆ కిందికే వస్తాయి. బార్లా తెరిచి ఉంచిన తలుపులోంచి వస్తే మాత్రం వాదన మారుతుంది. అందుకని రాత్రి గడియ పెట్టుకోవడం రక్షణకే కాదు, మీ కేసుకూ బలం.

అయితే 41వ సెక్షన్‌కు 37 కళ్లెం వేస్తుంది. అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉండగా చట్టాన్ని చేతుల్లోకి తీసుకోకూడదు అంటుంది. చాలామంది చిక్కుల్లో పడేది ఇక్కడే. దొంగ ఇంట్లో ఉన్నంతసేపే 41 మీకు అండ. గోడ దూకి పారిపోతున్నవాడి చేతిలో మీ సొత్తు ఉంటే వెంటపడి లాక్కోవచ్చు. నెత్తి మీద కొట్టి చంపితే ఆత్మరక్షణ అని ఏ లాయరూ వాదించి నెగ్గలేడు. పట్టుకుని స్తంభానికి కట్టేసి వీధివాళ్లంతా తలో దెబ్బ వేయడం అంతకన్నా ప్రమాదం. అందులో చెయ్యి కలిపిన ప్రతి ఒక్కరూ ముద్దాయే. మామూలు మనిషికీ దొంగను పట్టుకునే అధికారం ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ఆ అధికారం ఇస్తూనే, ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించమంటుంది.

భయంలో ఉన్న మనిషి వేసిన ఒక్కో దెబ్బనూ కోర్టులు విడిగా తూచవు. అలాంటి సమయంలో తీసుకున్న నిర్ణయాన్ని బంగారం తూచే త్రాసులో పెట్టి తూచకూడదని 1952లోనే అమ్‌జద్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం నిజంగా ఎంతన్నది కాదు, ఆ క్షణంలో మీకు కలిగిన భయం సహేతుకమా కాదా అన్నదే చూస్తారు.

కర్ర పక్కన పెట్టుకోవడం పథకం కాదు. తలుపుకు గొళ్లెం పెట్టుకోవడం ఎంత ముందుజాగ్రత్తో ఇదీ అంతే. లైసెన్స్ లేని తుపాకీ జోలికి మాత్రం పోకండి, అది విడిగా ఆయుధాల చట్టం కింద నేరం. హద్దు మీరి దెబ్బ వేసి ప్రాణం తీసినా, సద్బుద్ధితో, ముందస్తు ఆలోచన లేకుండా జరిగిందని తేలితే హత్య కిందికి రాక తక్కువ నేరమవుతుంది. ఈ 'ముందస్తు ఆలోచన' అన్న మాట దగ్గరే మీ ఫోన్ మీకు శత్రువు కావచ్చు. 'ఈసారి ఎవడైనా వస్తే ప్రాణాలతో పోడు' అని వీధి వాట్సాప్ గ్రూపులో రాసిన మెసేజ్, కర్ర కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇంట్లోవాళ్లతో కూర్చుని ఒకసారి మాట్లాడుకోండి. చప్పుడైతే పిల్లల్ని తీసుకుని ఎవరు ఏ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకోవాలి, 112కి ఎవరు ఫోన్ చేయాలి, లైటు వేసి 'ఎవరది?' అని ఎవరు గట్టిగా అరవాలి అన్నవి ముందే అనుకోండి. ఆ అరుపు చాలా ముఖ్యం. రాత్రిపూట హక్కుగా ఇంట్లోకి వచ్చినవాణ్ని దొంగనుకుని ఇంకొకడు కొట్టడాన్ని చట్టమే 36వ సెక్షన్‌లో ఉదాహరణగా ఇచ్చింది. నిజంగా పొరబడి కొట్టినవాడిది నేరం కాదు, దెబ్బలు తింటున్నవాడికీ తిరిగి కొట్టే హక్కు ఉంది అంటుంది. ఆలస్యంగా ఇంటికొచ్చిన మరిది, నీళ్లకు లేచిన మామగారు ఆ ఉదాహరణలో పాత్రలు కాకుండా చూసుకోండి. గదిలో భద్రంగా ఉండి, పోలీసులు దారిలో ఉన్నారని తెలిశాక, సొమ్ము కోసం మళ్లీ బయటికొచ్చి తలపడాల్సిన పని లేదని నా అభిప్రాయం.

మామగారి భయంలో కొంత నిజముంది. ఎవరైనా చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదవుతుంది, విచారణ జరుగుతుంది, అరెస్టూ కావచ్చు. దానర్థం శిక్ష పడుతుందని కాదు. ఆత్మరక్షణ అని నిరూపించే భారం మీదే అయినా, ప్రాసిక్యూషన్‌లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, మీరు చెప్పేదే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపిస్తే చాలు. 1967లో సుప్రీంకోర్టు మున్షీరామ్ కేసులో ఇచ్చిన తీర్పు సారాంశం అదే.

ఒకవేళ అలాంటి రాత్రే వస్తే, జరిగినదానికి ఉన్న ఆధారాలను మీరే పాడు చేసుకోకండి. నేల కడగొద్దు, విరిగిన గొళ్లెం, గునపం కదపొద్దు. దెబ్బ తిన్నవాడు దొంగే అయినా 108కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. ఆ ఒక్క ఫోన్ మీ ఉద్దేశమేమిటో కోర్టుకు చెబుతుంది. 'వాడే మెట్ల మీంచి జారిపడ్డాడు' అని కథ అల్లితే, పోస్ట్‌మార్టం రిపోర్టు ముందు అది నిలవదు. తర్వాత ఆత్మరక్షణ అన్నా ఎవరూ నమ్మరు. జరిగింది జరిగినట్టు క్లుప్తంగా చెప్పండి, వివరమైన వాంగ్మూలానికి ముందు లాయరుతో మాట్లాడండి. అరెస్టు చేస్తే లాయరును సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణమే ఇచ్చింది. సీసీ కెమెరా ఉంటే దాని రికార్డర్‌ను అలాగే ఉంచండి. ఫోన్‌లోకి కాపీ చేసుకున్న క్లిప్పును కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు, అసలు రికార్డు చెరిగిపోతే అక్కడే ఇబ్బంది మొదలవుతుంది.