ముప్పై దాటాక మొటిమలా? ముందు ఆ క్రీమ్ ట్యూబు చూడండి

ప్రశ్న: నా వయసు 32. టీనేజ్‌లో ఒక్క మొటిమ కూడా రాలేదు. రెండేళ్లుగా గడ్డం మీద, దవడ పొడవునా నొప్పితో గట్టిగా లేస్తున్నాయి. నెలసరికి వారం ముందు మరీ ఎక్కువ. రోజుకు ఐదారుసార్లు ఫేస్‌వాష్‌తో కడుగుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పిన క్రీమ్ రాస్తే రెండ్రోజుల్లో అణుగుతున్నాయి, మానేస్తే అంతకు రెట్టింపు వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్... వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టీరాయిడ్. ఎరుపునీ వాపునీ వెంటనే అణచేస్తుంది కాబట్టి మందు పనిచేసినట్టే ఉంటుంది. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడి, కొత్త మొటిమలకు అదే కారణమవుతుంది. ఆపగానే తిరగబెట్టడం దాని లక్షణమే. నెలల తరబడి వాడి ఉంటే ఎలా మానాలో చర్మవ్యాధి నిపుణులను అడగండి. మానాక కొన్ని వారాలు ముఖం ఇంకా పాడైనట్టు కనిపిస్తుంది. కంగారుపడి మళ్లీ రాయొద్దు.

ఇక మొటిమల మూలం. ఆండ్రోజెన్ హార్మోన్లు స్త్రీలలోనూ సహజంగానే ఉంటాయి. వాటి ప్రభావంతో చర్మంలోని గ్రంథులు నూనెను స్రవిస్తాయి. ఆ జిడ్డుకు మృతకణాలు తోడై రంధ్రం పూడుకుపోతుంది, లోపల బ్యాక్టీరియా పెరిగి వాస్తుంది. నెలసరి దగ్గరపడే కొద్దీ ఈస్ట్రోజెన్ తగ్గి ఆండ్రోజెన్లది పైచేయి అవుతుంది. రక్తపరీక్షలో హార్మోన్లన్నీ నార్మల్‌గా ఉన్నవాళ్లకూ ఇలా జరుగుతుంది, కాబట్టి అందరికీ పరీక్షలు అక్కర్లేదు. నెలసరి తరచూ 35 రోజులు దాటుతున్నా, గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తున్నా, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నా పీసీఓఎస్ (అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) ఉందేమో చూడాలి. అప్పుడు టెస్టోస్టెరాన్ వంటి పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేస్తారు.

సమస్య మురికి కాదు. కడుగుడు ఎక్కువైతే చర్మం పొడిబారి మండుతుంది, రాసిన మందునూ తట్టుకోలేదు. రోజుకు రెండుసార్లు, గాఢత తక్కువ ఉన్న క్లెన్సర్ చాలు. స్క్రబ్‌లు వద్దు.

స్టీరాయిడ్ ఆగి, చర్మం కుదుటపడ్డాక, రంధ్రాలు పూడుకుపోకుండా చూసే అడాపలీన్ 0.1 శాతం జెల్ మొదలుపెట్టవచ్చు. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక బఠాణీ గింజంత తీసుకుని మొటిమలు వచ్చే భాగమంతా పలచగా పూయాలి. మొటిమ మీద చుక్కలా పెడితే ఉన్నది తగ్గవచ్చేమో గానీ, పక్కన పుట్టబోయేది ఆగదు. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో తగలనివ్వొద్దు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాసి, పైన మాయిశ్చరైజర్ వాడితే పొట్టు లేవడం తగ్గుతుంది. ఆ తర్వాత పగటిపూట బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం చేర్చుకోవచ్చు. అది తగిలిన తువ్వాలు, దిండు గలీబు రంగు వెలిసిపోతాయి, జాగ్రత్త. క్లిండామైసిన్ వంటి యాంటీబయాటిక్ జెల్‌ను ఒక్కదాన్నే వాడితే బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది.

ఫలితం కోసం 8 నుంచి 12 వారాలు ఆగాలి. చాలామంది మూడో వారంలోనే క్రీమ్ మార్చేస్తారు, అక్కడే మొత్తం చెడుతుంది. నల్లమచ్చలు మిగలకూడదంటే గిల్లొద్దు, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు. మేకప్, సన్‌స్క్రీన్ ఏదైనా 'నాన్ కామెడోజెనిక్' (రంధ్రాలను పూడ్చనిది) అని ఉన్నదే తీసుకోండి. తీపి పదార్థాలు, వే ప్రొటీన్ పౌడర్ కొందరిలో మొటిమలను పెంచుతాయి. ఆహారం మార్చుకున్నంత మాత్రాన తగ్గిపోతాయని మాత్రం ఆశపడొద్దు.

గర్భం కోసం ప్రయత్నిస్తుంటే అడాపలీన్ వద్దు. అజెలాయిక్ యాసిడ్ సురక్షితం. స్పైరనోలాక్టోన్, ఐసోట్రెటినాయిన్ మాత్రలు బాగా పనిచేసినా గర్భిణులు వేసుకోకూడదు. ఐసోట్రెటినాయిన్ పిండానికి తీవ్ర హాని చేస్తుంది, ఆపాక కూడా కనీసం నెల రోజులు గర్భం రాకూడదు. లోతైన గడ్డలు గుంటలు మిగిలిస్తుంటే మాత్రం ఈ 12 వారాల లెక్క చూడకుండా వెంటనే నిపుణులకు చూపించండి.