ఫ్రెంచ్ అండ్ ఇండియన్ వార్: వాషింగ్టన్ తూటా కంటే ముందు భూమి తగాదా ఉంది

ఉత్తర అమెరికాలో ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు చెరోవైపు అక్కడి మూలవాసులను (వాళ్లనే ‘ఇండియన్’లు అనేవారు) కలుపుకుని చేసిన యుద్ధం ఇది. 1754లో ఒక ఫ్రెంచి దండు మీద జార్జ్ వాషింగ్టన్ తొందరపడి దాడి చేయడం వల్లే ఈ యుద్ధం మొదలైందా అని అడిగారు. తొందరపడిన మాట నిజమే, అప్పటికి ఆయన వయసు 22. కానీ ఆయన కాకపోతే ఇంకొకరి చేతిలో ఆ తుపాకీ పేలేది. నేను పిట్స్‌బర్గ్‌లో ఉంటాను. ఈ కథ నడిచిన చోట్లు చాలావరకు ఇక్కడికి గంటన్నర దూరం లోపే. అవి చూశాక, చదివాక నాకు అర్థమైంది రాస్తున్నాను.

ఊరి మధ్యలో పాయింట్ అనే చోట అలెగెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో అవుతాయి. ఆ ఒహాయో పోయి మిసిసిపీలో కలుస్తుంది. ఉత్తరాన కెనడా, దక్షిణాన లూసియానా రెండూ ఫ్రెంచివాళ్లవే, వాటిని కలిపే నీటిదారి ఇది. ఈ మూల చేజారితే వాళ్ల రాజ్యం రెండు ముక్కలవుతుంది. అందుకే 1749లో సెలొరాన్ అనే అధికారిని పంపి, ఈ నేల మాదేనని చెక్కిన సీసపు పలకలను నది పొడవునా పాతించారు.

సరిగ్గా అదే ఏడాది ఇంగ్లండ్ రాజు వర్జీనియాలోని ఒహాయో కంపెనీకి 2 లక్షల ఎకరాలు ఇచ్చాడు. పచ్చిగా చెప్పాలంటే అది రియల్ ఎస్టేట్ వెంచర్. 7 ఏళ్లలో 100 కుటుంబాలను దించి, కోట కట్టాలని షరతు. వాషింగ్టన్ అన్న లారెన్స్ అందులో భాగస్వామి. వర్జీనియా పాలన చూస్తున్న డిన్విడీకీ వాటా ఉంది. వెళ్లిపొమ్మని ఫ్రెంచివాళ్లకు ఉత్తరం రాసి 1753 చివర్లో వాషింగ్టన్‌తో పంపించింది ఆ డిన్విడీయే. వాళ్లు మర్యాదగానే కుదరదన్నారు. 1754 ఏప్రిల్‌లో పాయింట్ దగ్గర సగం కట్టిన కోటలో నలభై మంది వర్జీనియా వాళ్లుంటే, ఫ్రెంచి సేన వందల్లో వచ్చి దిగింది. పోరు లేకుండానే ఖాళీ చేశారు. అక్కడ లేచిన ఫ్రెంచి కోట పేరు డ్యూకేన్. దాని ఆనవాలు ఇవాళ పార్కు గడ్డిలో రాతిగీతలా కనిపిస్తుంది.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. నన్ను బాధపెట్టేది, ఈ భూమి మీద బతుకుతున్నవాళ్ల కథ ఇందులో ఒక మూలకు పోవడం. మూలవాసుల్లో ఒక తెగ అయిన లెనాపే జనం, ఇంగ్లీషువాళ్ల నోట డెలావేర్‌లు, ఒహాయో ప్రాంతానికి ఊరికే రాలేదు. 1737లో పెన్సిల్వేనియా యజమానులు, పెన్ కుమారులు, ఒక పాత దస్తావేజు బయటికి తీశారు. ఒకటిన్నర రోజులో మనిషి ఎంత దూరం నడిస్తే అంత నేల తమదని అందులో ఉందన్నారు. లెనాపేలు మామూలు నడకే అనుకున్నారు. వీళ్లేమో ముందే అడవిలో దారి కొట్టించి, గట్టివాళ్లను ముగ్గుర్ని ఎంచి, దాదాపు పరుగు పెట్టించారు. చివరిదాకా నిలిచింది ఒక్కడే, ఎడ్వర్డ్ మార్షల్, 60 మైళ్లు దాటిపోయాడు. మొరపెట్టుకున్న లెనాపేలను 1742లో ఇరాక్వాయ్ అనే బలమైన మూలవాసి తెగల కూటమి పెద్దలు కూడా గద్దించి, లేచి పొమ్మన్నారు. అలా చాలామంది కొండలు దాటి ఇటు వచ్చారు. ఇక్కడికీ సర్వే గొలుసులు వచ్చేసరికి ఇంగ్లీషువాళ్ల మాట వాళ్లెలా నమ్ముతారు?

1754 మే 28 సంఘటనను ఈ వెలుగులో చూడాలి. జుమాన్‌విల్ గ్లెన్‌లో రాతి అంచు మీద నిలబడి చూస్తే, కింద లోయలో బస చేసిన ఫ్రెంచివాళ్లకు తప్పించుకునే వీలు ఎంత తక్కువో తెలిసిపోతుంది. పైన వర్జీనియా దండును నడిపిస్తున్న వాషింగ్టన్ మనుషులు, వాళ్లతో తనాగ్రిసన్ యోధులు. పావుగంటలో అయిపోయింది. నాయకుడు జుమాన్‌విల్‌తో కలిపి 10 మంది ఫ్రెంచివాళ్లు చనిపోయారు. గాయపడ్డ జుమాన్‌విల్‌ను గొడ్డలితో చంపింది తనాగ్రిసనేనని కొన్ని కథనాలు చెబుతాయి. ఈయన ఒహాయోలో ఇరాక్వాయ్‌ల తరఫు పెద్ద. ఇక్కడి జనంలో ఆయన మాట చెల్లడం తగ్గిపోతోంది. ఇంగ్లీషువాళ్లను వెనక్కి తగ్గలేని పోరులోకి లాగితే తన పట్టు నిలుస్తుందని లెక్క వేసుకున్నాడని నా నమ్మకం.

ఫ్రెంచివాళ్లు జుమాన్‌విల్ రాయబారి అన్నారు. అతని సోదరుడే సేనతో వచ్చి, జూలై 3న జోరువానలో వాషింగ్టన్ కట్టించుకున్న కోట ఫోర్ట్ నెసెసిటీని చుట్టుముట్టి, వాషింగ్టన్‌తో లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టించాడు. 1755లో లెనాపే నాయకుడు షింగాస్, ఫ్రెంచివాళ్లను తరిమాక ఈ నేల ఎవరిదని ఇంగ్లీషు సేనాని జనరల్ బ్రాడక్‌ను అడిగితే, ఆటవికులకు ఇందులో వాటా ఉండదని జవాబొచ్చిందట. షింగాస్ మనుషులు వెళ్లిపోయారు. ఆ జూలైలో బ్రాడక్ సేన మొనాంగహేలా ఒడ్డున చిత్తయింది.

1756లో అధికారికంగా ప్రకటించిన ఈ యుద్ధం మన తీరానికీ వచ్చింది. ఉత్తర సర్కారులు 1753 నుంచి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి అక్కడి కారణాలు వేరు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర విజయనగరం రాజు, ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ కలిసి వాళ్లను ఓడించారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్లదైంది.

వెంకటేశ్వరస్వామి గుడికని పిట్స్‌బర్గ్ వచ్చేవాళ్లు ఒక రోజు అదనంగా పెట్టుకుంటే ఇవన్నీ చూడొచ్చు. గ్లెన్ ముందు, ఫోర్ట్ నెసెసిటీ తర్వాత చూడండి. తిరిగి కట్టిన ఆ కర్రకోట అడ్డంగా 50 అడుగుల పైచిలుకే ఉంటుంది. రూట్ 40 మీదే కాస్త పడమరగా బ్రాడక్ సమాధి కూడా వస్తుంది.