మోడల్ విమానాల్లో ఖరీదైనదే నాణ్యమైనదా? మొదటిది చవకది కొంటే నష్టపోతామా?

మొదటి రేడియో కంట్రోల్ విమానం చవకది కొనాలా, ఖరీదైనదా అని అడిగారు. విమానం చవకదే కొనండి. అసలు కొనకుండా ఫోమ్ షీటు కోసి మీరే చేసుకుంటే ఇంకా మంచిది. డబ్బు మాత్రం లోపల కనపడని వాటి మీద పెట్టండి. పన్నెండేళ్లుగా ఎగరేస్తున్నాను, ఈ విషయంలో నా మాట మారదు.

ఒకప్పుడు నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చుని బాల్సా అనే తేలికపాటి చెక్కతో ఒక విమానం కట్టాను. రెక్కల పొడవు 150 సెంటీమీటర్లు. రెక్క లోపల పక్కటెముకల్లా ఉండే రిబ్బులు ఒక్కొక్కటీ చేత్తో కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పైన ఫిల్మ్ వేసి ఇస్త్రీ చేశాను. ఎక్కడా ముడత లేదు. మోటారు మంచిది, రేడియో మంచిది. తోక దగ్గర ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలక ఎలివేటర్, దాన్ని కదిపే చిన్న మోటారు సర్వో. ఆ ఎలివేటర్‌కి మాత్రం ఇంట్లో పడి ఉన్న 9 గ్రాముల ప్లాస్టిక్ గేర్ సర్వో పెట్టేశాను. అది పాత ఫోమ్ విమానంలోంచి ఊడదీసింది, ఆ విమానం అప్పటికే రెండుసార్లు ముక్కు నేలకి కొట్టుకుంది. బల్ల మీద ఆన్ చేస్తే, రిమోట్ మీది స్టిక్ ముట్టుకోకపోయినా ఆ సర్వో జిర్రుమంటూ సన్నగా వణికేది. విన్నాను. కానీ ఇంకోటి తెప్పించాలంటే వారం ఆగాలి, నాకేమో ఆ ఆదివారమే ఎగరేయాలి.

రెండు ఫ్లైట్లు హాయిగా సాగాయి. మూడోదాంట్లో లూప్, అంటే గాల్లో నిలువుగా గుండ్రంగా ఒక చుట్టు, వేశాను. పైనుంచి కిందికి దిగుతుండగా ఎలివేటర్ లాగితే ముక్కు లేవలేదు. స్టిక్ చివరిదాకా లాగి పట్టుకుని థ్రాటిల్ మూసేశాను. ఇక చేతిలో ఏమీ లేదు. పెద్ద శబ్దం కూడా రాలేదు, అగ్గిపెట్టెని కాలితో తొక్కినట్టు వచ్చింది. వెళ్లి చూస్తే మోటారు మట్టిలోకి దిగిపోయి ఉంది, బ్యాటరీ దూరంగా పడి ఉంది. తోక మాత్రం చెక్కుచెదరలేదు. వేలితో ఎలివేటర్ కదిపితే ఏ పట్టూ లేకుండా ఇటూ అటూ ఊగింది. ఇంటికొచ్చి సర్వోకున్న నాలుగు స్క్రూలు విప్పాను. ఒక చక్రానికి మూడు పళ్లు లేవు. అవి పొడిపొడిగా గ్రీజులో తెల్లగా అంటుకుని ఉన్నాయి, ఒక్కోటి ఆవగింజంత కూడా లేదు. మొత్తం విమానం ఖర్చులో ఆ సర్వో వందో వంతు కూడా కాదు.

వేగం రెట్టింపైతే ఎలివేటర్ మీద గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. డైవ్‌లోంచి లాగే ఆ క్షణంలోనే సర్వో మీద భారం ఎక్కువ పడుతుంది, అందుకే బల్ల మీద బాగానే తిరిగిన సర్వో గాల్లో చేతులెత్తేస్తుంది. అలాగని మెటల్ గేర్ అని రాసి ఉంటే చాలనుకోకండి. కొన్నింట్లో పైన కనపడే చక్రం ఒక్కటే లోహం, లోపలివి ప్లాస్టిక్కే. అన్నీ లోహమైనా వాడగా వాడగా అరిగి వదులవుతాయి.

రాసి ఉన్నది నమ్మడం గురించి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, విమానాల్లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీల మీద, ఎంత కరెంటు ఇవ్వగలవో చెప్తూ వేసే సీ రేటింగులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2200 ఎంఏహెచ్, అంటే 2.2 ఆంపియర్ అవర్ల ప్యాక్ మీద 60సీ అని వేస్తారు. 2.2ని 60తో గుణిస్తే 132 ఆంపియర్లు. అదే ప్యాక్‌కి బిగించి ఉన్న ఎక్స్‌టీ60 కనెక్టర్ ఆగకుండా మోయగలిగేది మహా అయితే 60 ఆంపియర్లు! ఈ లెక్క వేసుకోకుండానే ఎక్కువ అంకె ఉన్నదానికి ఎక్కువ డబ్బు పోస్తారు. ప్రతి సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి లోపల తగిలే అడ్డు, చూపించే చార్జర్ ఒకటి ఉంటే ఏ ప్యాక్ బతుకు ఏమిటో అదే చెప్పేస్తుంది. సెల్స్ అన్నింటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జింగ్ లేని చార్జర్ ఊరికే ఇచ్చినా తీసుకోకండి. సెల్ 4.2 వోల్టులు దాటితే అది ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా.

ఇంకో బాధ, పెట్టె విప్పి స్టిక్కర్లు, ఫినిషింగ్ చూపించి "క్వాలిటీ అదిరింది" అనే వీడియోలు. ఇరవై ఫ్లైట్లు ఎగరేశాక మాట్లాడితే కదా క్వాలిటీ తెలిసేది! కొత్తవాళ్లు అవి చూసే రంగులేసిన పెద్ద విమానానికి డబ్బంతా పెట్టేసి, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ దగ్గర పిసినారితనం చూపిస్తారు.

విమానం ఎలాగూ పడుతుంది, మొదటిది తప్పకుండా పడుతుంది. మంచి ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునే రిమోట్), చార్జర్ మాత్రం తర్వాతి పది విమానాలకీ మీతోనే వస్తాయి. నా దగ్గర ఈపీపీ అనే సాగే రకం ఫోమ్‌తో చేసిన, ఒట్టి రెక్కలా ఉండే విమానం ఒకటుంది, ఇప్పుడు దాని మీద ఫోమ్ కంటే టేపే ఎక్కువ. ఇప్పటికీ చక్కగా ఎగురుతుంది, ఎందుకంటే దాని సీజీ, అంటే బరువు సమంగా నిలిచే చోటు, సరిగ్గా ఉంది, సర్వోలు మంచివి.

ఆ రోజు నుంచి కొత్తదైనా పాతదైనా ప్రతి సర్వోని టెస్టర్‌కి తగిలించి గంటసేపు తిప్పుతాను. చేత్తో మెల్లగా తిప్పి ఎక్కడైనా పన్ను తగులుతోందా చూస్తాను. స్టిక్ వదిలాక సరిగ్గా మధ్యకి రావాలి. ఇప్పుడు ఇంకో బాల్సా రెక్క బల్ల మీద సగంలో ఉంది. దానికని నిన్న రెండు మంచి సర్వోలు వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రం, రెండుసార్లకి ఒకసారి మధ్యకి రాకుండా కొంచెం పక్కకి ఆగుతోంది. దాన్ని వెనక్కి పంపేస్తున్నాను, ఇంకోటి వచ్చేదాకా రెక్క అలాగే ఉంటుంది.