రెక్కలు కట్టే ముందు ఇది చదువు

చిట్టితల్లీ,

ఫ్యాషన్ షూట్లకు కావలసిన వస్తువులు చేత్తో చేసివ్వబోతున్నావని, మొదటి పనే ఆరడుగుల రెక్కల జత అని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో అంత భయమూ వేసింది. గోడకు తగిలించే బొమ్మ వేరు, మనిషి వీపుకు కట్టే బొమ్మ వేరు.

కొలతలు తీసుకోవడం, కాగితం మీద గీసుకోవడం, సగం డబ్బు ముందే అడగడం నీకు తెలిసినవే. థర్మోకోల్ దగ్గరే కొత్తవాళ్లంతా బోల్తా పడతారు. చక్కగా చెక్కి, నేరుగా డబ్బా స్ప్రే కొట్టేస్తారు. కళ్ల ముందే గుంటలు పడి, కుంగి, జిగట ముద్దయిపోతుంది. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ నురగే, పెయింటులోని ద్రావకం దాన్ని కరిగిస్తుంది. థర్మోకోల్‌లో ఎక్కువ భాగం గాలే కాబట్టి, ఆ గాలి గదుల గోడలు కాస్త కరిగినా మొత్తం కూలుతుంది. థిన్నరూ, రబ్బరు సొల్యూషనూ అంతే. అతికించడానికి ఫెవికాలే వాడు.

ఫెవికాల్, నీళ్లు సమంగా కలుపు. పాత న్యూస్‌పేపరును కత్తిరించకుండా చేత్తో చింపు, చింపిన అంచు కనబడకుండా కలిసిపోతుంది. మూడు వరసలు అతికించు. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. వానాకాలమైతే ఒక్కో వరసకు రోజంతా పడుతుంది. పైన చేయి పెట్టి ఆరిందనుకోకు, చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. తడి మీద రంగు వేస్తే తర్వాత బుడగలు లేస్తాయి. రంగు అక్రిలిక్‌దే, బ్రష్షుతో. ఎవరైనా తొందరపెట్టి స్ప్రే కొట్టమంటే ఒప్పుకోకు. కాగితంలో సూదిమొనంత సందున్నా ద్రావకం లోపలికి దిగి బోలు చేస్తుంది. పైకి బాగానే ఉంటుంది, వేలు పెడితే లోపలికి పోతుంది.

తెలంగాణలోని చేర్యాలలో బొమ్మ ముసుగులు చేసేవాళ్లు రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి వాడతారు. చిన్న వస్తువులకు నువ్వూ ప్రయత్నించు, గట్టిగా నిలుస్తుంది. మైదా జిగురుకు బూజు పట్టకుండా మైలుతుత్తం కలపమని ఎవరైనా చెబుతారు. అది విషం తల్లీ, ఒంటికి తగిలే దేనికీ వద్దు.

ఈకలను రెక్క కొస నుంచి మొదలుపెట్టి భుజం వైపు వేసుకుంటూ రా, ఇంటికి పెంకులు పరిచినట్టు. అతుకులన్నీ గ్లూ గన్‌కే వదిలేయకు. ఎండలో మూసిన కారులో ఆ జిగురు మెత్తబడి ఊడిపోతుంది. బరువు పడే చోట దారంతో కుట్టు, లేదా సన్న తీగతో కట్టు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది తీగ కొస. మోడల్ ఒక్కసారి తిరిగితే రెక్క చివర వెనకున్న మేకప్ అమ్మాయి కంటి ఎత్తులోకి వస్తుంది. ప్రతి కొసనూ సున్నాలా వంచి, దాని మీద గుడ్డ టేపు చుట్టు. నువ్వు కళ్లు మూసుకుని అరచేతితో మొత్తం తడిమి చూడు. వెడల్పాటి నూలు పట్టీలతో, స్కూలు బ్యాగులా రెండు భుజాలకూ బరువు పడేలా కట్టు. మెడ మీద ఒక్క తాడు కూడా వద్దు. ఛాతీ దగ్గర ప్లాస్టిక్ బకిల్ పెట్టు, కళ్లు తిరిగితే ఒక్క నొక్కుతో ఊడాలి. పట్టీ ఎక్కడ దాగాలో బట్టలు కుట్టేవాళ్లతో ముందే మాట్లాడు.

బాగా తెల్లగా మెరిసే కాగితం ఫ్లాష్‌కు నీలంగా కనబడుతుంది, మీగడ రంగు పట్టు పక్కన అసలు నప్పదు. వార్నిష్ మ్యాట్‌దే వాడు, మెరుపుది తెల్ల మచ్చలు పెడుతుంది. రంగు ఆరాక తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడు, గుడ్డకు అంటితే చీరకూ అంటుతుంది.

షూట్‌కు రెండు రోజుల ముందే రెక్కలు నువ్వు కట్టుకుని అరగంట ఇంట్లో తిరుగు. వీపు వైపు ఫొటో తీయించి నాకు పంపు.

నీ పెద్దమ్మ