ఆ స్టూలు దగ్గర మొదలుపెట్టు

గుంటూరు, బ్రాడీపేట

అమ్మాయీ, ఆశీస్సులు.

వ్యక్తి కేంద్రిత సంరక్షణ, అంటే జబ్బునే కాక రోగి ఇష్టాలనూ అలవాట్లనూ చూసి చేసే సేవ గురించి నీ తోటి నర్సింగ్ విద్యార్థులు ఏమనుకుంటున్నారో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరా అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్‌కు, రెండోది ఇంగ్లండ్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్‌కు ఇచ్చేశావు. మతిమరుపు జబ్బు వచ్చినవారిలో జబ్బు కంటే ముందు మనిషిని చూడమన్న కిట్‌వుడ్ మీద నాకూ గౌరవమే. కానీ రెండు పేజీలు తిప్పినా గుంటూరు రాలేదు, వార్డు వాసన రాలేదు, ఒక్క మనిషీ నోరు విప్పలేదు.

మూడో పేజీలో ఆగిపోయాను. అన్నం ముట్టని పెద్దావిడ గురించి కేస్ షీట్‌లో ‘సహకరించడం లేదు’ అని రాశారు. నీ స్నేహితురాలు స్టూలు లాక్కుని కూర్చుని అడిగితే, ఒళ్లు కడుక్కుని దేవుడికి దండం పెట్టుకోకుండా ఆవిడ ఏనాడూ ముద్ద ముట్టలేదని తేలింది. తడిబట్టతో ఒళ్లు తుడిచి కిటికీ వైపు తిప్పగానే సూర్యుడికి దండం పెట్టి తిన్నది. ఇంత సంగతిని రెండు వాక్యాల్లో తేల్చేశావేమమ్మా? వ్యాసం మొదలవాల్సింది ఇక్కడే. ఆ స్టూలును వదలకు. రోగి మెడ తిప్పే అవసరం లేకుండా కంటికి ఎదురుగా కూర్చుని మాట్లాడాలని ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. రోజర్స్, కిట్‌వుడ్ కూడా ఆ స్టూలు వెనకాలే రావాలి.

‘అందరూ సానుకూలంగా స్పందించారు’ అన్న వాక్యం కొట్టివెయ్యి. క్లాసులో ఎవరు కాదంటారు? రాత్రి డ్యూటీలో బీపీలు చూసి, సెలైన్లు మార్చి, రికార్డు నింపుతున్నప్పుడు అడుగు. ‘కబుర్లకు తీరికెక్కడిది’ అన్న అమ్మాయిని చివరి పేజీ అడుగుకు నెట్టావు. ‘కట్టు మార్చే పది నిమిషాలూ నోరు ఖాళీయే కదా’ అన్న అమ్మాయి పక్కన ఆమెను కూర్చోబెట్టు. ఇద్దరినీ వాదించుకోనివ్వు, నువ్వు తీర్పు చెప్పకు.

ఒకప్పుడు ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులు నేను ‘పద్నాలుగో బెడ్’గా బతికాను. ఒక్క విద్యార్థిని మాత్రం, మా ఆవిడను అడిగి తెలుసుకుని, ‘మాస్టారూ’ అని పిలిచింది. ఆ పిలుపుతో సూది నొప్పి తగ్గిందని అబద్ధమాడను. చెయ్యి మాత్రం నేనే చాచాను.

ఒక జాగ్రత్త. పేరు మార్చాను కదా అనుకోకు. ఊరు, వయసు, జబ్బు మూడూ కలిపి రాస్తే పేరు రాసినట్టే. పెద్దావిడ ఊరు తీసెయ్యి.

రాత్రి డ్యూటీ అమ్మాయితో మళ్లీ మాట్లాడాకే రెండో ప్రతి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనీ.